చెవి వెనక బిళ్ల

సుభాషిణి ఏనాడూ వంట రుచి చూసి వడ్డించలేదు. అమలాపురం పక్క పల్లెలో నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. గరిటెతో అరచేతిలో వేసుకుని నాకి చూస్తే వంటంతా ఎంగిలైపోతుందని ఆవిడ ఒప్పుకునేది కాదు. పులుసు మరిగే వాసనే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పాలి. వాసన చెప్పకపోతే తినేవాళ్ల మొహం చెబుతుంది. వండిన మనిషి ఆఖర్న తినాలి.

పెళ్లయినప్పటి నుంచీ సుభాషిణి చూసుకునే మొహం భర్త కామేశానిది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే అతని ఎడమ కనుబొమ కాస్త పైకి లేచిందంటే ఉప్పు తక్కువైనట్టు. ముద్ద మింగి మంచినీళ్ల గ్లాసు వైపు చూశాడంటే కారం ఎక్కువైనట్టు. ఏమీ జరక్కుండా రెండో ముద్ద కలుపుకున్నాడంటే వంట కుదిరినట్టు. కాకినాడలో కాపురం పెట్టిన కొత్తలోనూ, ఇప్పుడు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఈ చిన్న ఊళ్లోనూ ఆ ఇంట్లో వంట గురించి పెద్దగా మాటలుండవు. కనుబొమలే ఉంటాయి.

కామేశం ఊరి చివరున్న ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్. అయిదేళ్లు గట్టిగా పనిచేస్తే వెనక కాస్త దొడ్డి ఉన్న చిన్న ఇల్లు కొనుక్కోవచ్చన్న ఆశతో కూతురు సంహితను చంకనేసుకుని ఈ దేశం వచ్చారు. ఆ సంహితకు ఇప్పుడు పదిహేడేళ్లు. ఇల్లు మాత్రం ఇంకా అదే, ఒక పడగ్గది, ఒక హాలు. పిల్ల హాల్లో సోఫా మీద పడుకుంటుంది. గుడ్ల ధర పెరిగింది, కారు బీమా పెరిగింది, అద్దె ప్రతి వేసవిలోనూ పెరుగుతూనే ఉంది. కామేశం జీతం ఒక్కటే వచ్చిన రోజున ఎక్కడ కూర్చుందో అక్కడే కూర్చుని ఉంది. అతను పొద్దున్నే టీ తాగుతూ ఆ జీతాన్ని ఇంట్లో పనీపాటా లేకుండా కూర్చున్న బావమరిదిని తిట్టినట్టు తిట్టుకునేవాడు. సుభాషిణి బట్టలు కుట్టే దుకాణంలో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే పనికి వెళ్లేది.

ఆ ఏడాది సంక్రాంతి వెళ్లాక వారానికి కామేశం ఒక చిన్న అట్టపెట్టె పట్టుకొచ్చాడు. అందులో మూడు బిళ్లలున్నాయి. బొట్టుబిళ్లంత ఉంటాయి, మనిషి చర్మం రంగులోనే ఉంటాయి. ఈసారి జీతం పెంచడం కుదరదనీ, దాని బదులు ఉద్యోగులకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ వీటిని ఉచితంగా ఇస్తున్నారనీ చెప్పాడు. చెప్పేటప్పుడు అతని గొంతులో సిగ్గు ఉంది, దాంతోపాటు కొంచెం గర్వమూ ఉంది. ఎందుకంటే ఆ బిళ్లను తయారుచేసిన నలుగురిలో అతనూ ఒకడు.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ రూత్ అనే ఆవిడ. ఆవిడ తల్లికి కాన్సర్ వైద్యం చేశాక నాలుక చచ్చిపోయింది. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందని పళ్లెం తోసేసేది. ఆ తల్లి కోసం మొదలైన పని ఇది. బిళ్ల చెవి వెనక అంటించుకుని మనిషి తనకు బాగా ఇష్టమైన భోజనం ఒక్కసారి చేయాలి. నాలుక పోయినవాళ్లు ఆ భోజనాన్ని తలుచుకుంటూ తిన్నా చాలు. ఆ గంటసేపూ బిళ్ల మీద చిన్న పచ్చ దీపం వెలుగుతుంది, ఆ మనిషి లోపల ఆనందం ఎలా కదులుతోందో నేర్చుకుంటుంది. దీపం ఆరిపోయాక ఇక ఎప్పుడు ఏం తిన్నా ఆ ఆనందాన్నే తిరిగి ఇస్తుంది. ముసలావిడ గోరువెచ్చటి జావ తాగి, ఇంకొంచెం పొయ్యమని గిన్నె చాచిన రోజు ప్రయోగశాలలో అందరూ ఏడ్చారు. కామేశం ఇంటికొచ్చి చెబుతూ మళ్లీ ఏడ్చాడు.

ఆ తరవాత ప్రయోగశాలను నడిపే సంస్థ వాళ్లు ఒక సంగతి గమనించారు. బిళ్ల పెట్టుకున్న రోగులు తిండి గురించే కాదు, దేని గురించీ ఫిర్యాదు చేయడం లేదు.

ఆదివారం బిళ్లలకు నేర్పాలని కామేశం అన్నాడు. సుభాషిణి పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉంది. డబ్బాలో దొరికే లేత పనసకాయను తరిగి ఆవపెట్టి కూర చేసింది. గుమ్మడికాయ దప్పళం, కొబ్బరి మామిడికాయ పచ్చడి, నేతిలో వేయించిన జీడిపప్పుతో పులిహోర, ఆఖర్న పూర్ణాలు. ముగ్గురూ బిళ్లలు అంటించుకున్నారు. తండ్రీకూతుళ్లు పళ్లాల ముందు కూర్చున్నారు.

"నువ్వూ కూర్చో సుభా, దీపం వెలుగుతోంది" అన్నాడు కామేశం.

"కూర్చుంటాలెండి. పూర్ణాలు వేడివేడిగా తీసి వేస్తాను, మీరు కానివ్వండి."

ఆమె ఎప్పుడూ అనే మాటే అది. కామేశం కూడా ఎప్పట్లాగే రెండోసారి పిలవలేదు. పొయ్యి దగ్గర పూర్ణాలు నూనెలో పగిలిపోతాయేమోనని కంగారు, ఇటు వచ్చి దప్పళం వడ్డించాలన్న కంగారు. సంహిత వేళ్లు నాక్కుంటూ నవ్వింది. కామేశం కళ్లు మూసుకుని తన అమ్మను తలుచుకున్నాడు. సుభాషిణి పళ్లెం పెట్టుకుని కూర్చునేసరికి మూడు దీపాలూ ఆరిపోయాయి.

మర్నాటి నుంచీ ఇల్లు ఇల్లులా లేదు, పండగలా ఉంది. కామేశం పొద్దున్నే కూనిరాగం తీస్తూ లేచేవాడు. రొట్టెముక్క కొరికి, ఆహా అనేవాడు. సుభాషిణికి మాత్రం తన బిళ్లతో పెద్ద చిక్కొచ్చింది. ఆమె ఏం తిన్నా పొయ్యి మీద నూనె కాగుతున్నట్టూ, ఏదో పగిలిపోబోతున్నట్టూ గుండె దడదడలాడేది. దుకాణంలో మధ్యాహ్నం డబ్బా విప్పి రెండు ముద్దలు తినగానే, ఇంట్లో పొయ్యి కట్టేశానా లేదా అని లేచి నిలబడేది. రెండు రోజులు చూసి తీసేసింది. సంహితకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

మొదట్లో సుభాషిణికి కూడా బాగానే ఉంది. ఇంట్లో విసుగు లేదు. చలికాలంలో హీటరు ఎంతలో పెట్టాలన్న దగ్గర ప్రతి ఏడూ జరిగే యుద్ధం ఆ ఏడు జరగలేదు. సాయంత్రాలు కామేశం ఆమె పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని టీవీ చూసేవాడు. కొత్తగా పెళ్లయినవాడిలా, నీ పక్కన కూర్చుంటే చాలు అనేవాడు. అద్దె పెంచుతున్నామన్న నోటీసు తలుపు కింద నుంచి లోపలికొచ్చినప్పుడు దాన్ని చదివి, మంచి ఇల్లు, పెంచితే పెంచారు అని మడిచి పక్కన పెట్టాడు. మరి ఆ పెంచింది ఎక్కడి నుంచి తేవాలో ఆలోచించే పని సుభాషిణి ఒక్కదాని మీదే పడింది. ఆమె దుకాణం నుంచి బట్టలు ఇంటికి తెచ్చుకుని అదనంగా కుట్టడం మొదలుపెట్టింది. సూది గుచ్చుకుని వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ అది చూడలేదు. చూసినా, వాళ్లకు అందులో వెలితి ఏమీ కనబడలేదు.

ఒకరోజు బట్టలు ఎక్కువై ఆలస్యంగా వచ్చి, హడావిడిగా పప్పు వండి వడ్డించింది. కామేశం మొదటి ముద్ద పెట్టుకున్నాడు. కనుబొమ కదల్లేదు. రెండో ముద్ద కలుపుకున్నాడు. సంహిత అయితే మారు వేయించుకుంది. వాళ్లు లేచాక సుభాషిణి కూర్చుని ముద్ద పెట్టుకుంది. పప్పులో ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు వేయనే లేదు.

మర్నాడు కావాలనే చారులో చింతపండు వేయలేదు. మిరియాలు వేసి కాచిన వేడినీళ్లు పోసింది. కామేశం రెండు గ్లాసులు తాగి, ఇవాళ చారు అదిరిందన్నాడు. పాపం ఎంతో ప్రేమగా అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, గిన్నె కడుగుతున్నట్టు నిలబడింది. ఇన్నేళ్లుగా తను వంట చేస్తోంది ఆ కనుబొమ కోసమని ఆమెకు అప్పుడు తెలిసింది.

అదే నెలలో సంహితకు విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందని కబురొచ్చింది. సంహితకు నదుల పిచ్చి. చిన్నప్పుడు ఒక వేసవికి అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు, గోదావరి గట్టు మీద నీటిమట్టం కొలిచే గీతల స్తంభాన్ని కామేశం చూపించాడు. నీళ్లకు ఎటు వెళ్లాలో ఎవరు చెబుతారు నాన్నా అని ఆ పిల్ల రెండు రోజులు వదలకుండా అడిగింది. అప్పటి నుంచీ అదే ధ్యాస. సోఫా పైన గోడ నిండా నదుల పటాలే. నీళ్ల గురించి చదవడానికి ఇంత మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదని బళ్లో టీచర్లే అన్నారు. ఫీజులో సగానికి పైగా విశ్వవిద్యాలయమే భరిస్తుంది. నెలాఖరులోగా వస్తామని చెప్పాలి.

కబురు చదివి సంహిత, బావుందమ్మా అంది. బావుంది అని మాత్రమే అంది. ఎగరలేదు, ఏడవలేదు, ఎవరికీ ఫోను చేయలేదు. ఫోను పక్కన పెట్టి అటుకులు తింటూ కూర్చుంది.

అసలు ఈ బిళ్ల సంగతేమిటో తెలుసుకోవాలని సుభాషిణి దుకాణంలో సెలవు పెట్టి, తన బిళ్ల పనిచేయడం లేదన్న వంకతో ప్రయోగశాలకు వెళ్లింది. కామేశం ఎంతో సంబరపడి కారులో తీసుకెళ్లాడు. దారిలో ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడల్లా ఆకాశం ఎంత బావుందో చూడమన్నాడు. ఆకాశం నిజంగా బాగానే ఉంది. కారుకు ఎడమవైపు అద్దం పగిలిపోయి నెలైంది.

డాక్టర్ రూత్ అరవై ఏళ్ల పొడుగాటి మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. సుభాషిణి బిళ్లను యంత్రంలో పెట్టి, తెర మీద గీతలు చూసి, మీరేం తిన్నారమ్మా ఆ రోజు, భూకంపం వచ్చినట్టుంది అని అడిగింది. సుభాషిణి తన ఇంగ్లీషులో, తిన్లేదండి, వడ్డించాను అని చెప్పింది. రూత్ నవ్వింది. నవ్వాక, ఎందుకో కాసేపు ఆ గీతల వైపే చూస్తూ ఉండిపోయింది. వచ్చే వారం తనకిష్టమైన వంటతో రమ్మనీ, ఈసారి కూర్చుని తినమనీ, వేరే ఎవరైనా వడ్డిస్తారనీ చెప్పింది.

పక్క గదిలో అద్దాల వెనక ఒక ముసలాయన జావ తాగుతున్నాడు. గొంతు చుట్టూ కట్టు ఉంది. చెంచా పెదాలకు ఆనగానే కళ్లు మూసుకుని ఎవరిదో పేరు పలికాడు. పక్కనున్న నర్సు మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. సుభాషిణి ఆ బిళ్లను తిట్టుకుంటూ వచ్చింది, కానీ ఆ ముసలాయన్ని చూశాక తిట్టడానికి నోరు రాలేదు.

బిళ్ల సరిగ్గా పనిచేస్తే అద్దె సంగతి ఏమవుతుందని రూత్‌ను అడిగింది.

"కడతారు. కానీ బాధ ఉండదు" అంది రూత్. ఆవిడ చెవి వెనక కూడా బిళ్ల ఉంది.

తిరిగొచ్చేటప్పుడు సుభాషిణి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎంత సులువు. తనూ కూర్చుని ఒక్క పూట తింటే చాలు, ఈ ఇంట్లో ముగ్గురూ సుఖంగా ఉంటారు. వేళ్లు నొప్పి పెట్టినా నొప్పిలా ఉండదు. ఉప్పు లేని పప్పు తనకూ కమ్మగా ఉంటుంది. పక్కన కామేశం కూనిరాగం తీస్తున్నాడు. ఇన్నేళ్లలో అతన్ని ఇంత నెమ్మదిగా ఆమె ఎప్పుడూ చూడలేదు. పనసకాయ డబ్బా ఎక్కడ దొరుకుతుందో గుర్తు చేసుకోవడం కూడా మొదలుపెట్టింది.

ఇంటికొచ్చేసరికి సంహిత సోఫాలో కూర్చుని ఉంది. బళ్లో సలహాలిచ్చే టీచరుతో మాట్లాడి వచ్చానంది. ఎంతో మామూలుగా, కూరగాయల బండి వచ్చి వెళ్లిందని చెప్పినట్టు చెప్పింది.

"సీటు వద్దని చెప్పేశానమ్మా. మందుల షాపులో కౌంటర్ పని ఇస్తామన్నారు. ఇక్కడే ఉంటాను."

సుభాషిణి చేతిలోని సంచీ కింద పెట్టింది. "మరి నీ నదులే?"

"ఉంటాయిగా. ఎక్కడికిపోతాయి?" సంహిత తల్లి భుజం మీద తల ఆనించింది. "మనిక్కడ బానే ఉన్నాం కదమ్మా."

సుభాషిణి భర్త వైపు చూసింది. నీటిమట్టం స్తంభం దగ్గర కూతుర్ని భుజాలకెత్తుకుని నిలబడిన మనిషి అతను. ఆ మనిషి ఇప్పుడు చిరునవ్వుతో, పిల్ల సంతోషంగా ఉంది కదా సుభా అన్నాడు.

ఆమె పనసకాయ సంగతి మరిచిపోయింది. ఈ ఇంట్లో ఒక్కళ్లకైనా వెలితి తెలియాలి అనుకుంది. ఆ ఒక్కళ్లూ తనేనని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది. తన వెలితి తను భరించగలదు. పిల్లకు రావలసిన వెలితిని తను మోయలేదు, అది పిల్లదే.

టీచరుకు ఫోన్ చేసి, కంగారులో తప్పు ఇంగ్లీషు మాట్లాడుతూనే, శుక్రవారం దాకా ఆగమని బతిమాలుకుంది. సీటు వదులుకుంటున్నట్టు ఇంకా పైకి తెలియజేయలేదనీ, శుక్రవారం దాకా ఆపగలననీ టీచరు చెప్పింది.

బుధవారం పొద్దున్న సుభాషిణి ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఒక్క పూట బిళ్లలు తీసేసి తనతో తినమని అడిగింది. కామేశం వెంటనే ఒప్పుకున్నాడు. ఆ నెలల్లో అతను ఒప్పుకోని సంగతంటూ లేదు. సంహిత మాత్రం చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఆలోచించింది.

"తీస్తే ఏమవుద్దమ్మా?"

"నాకూ తెలీదు. ఏమైనా నేనిక్కడే కూర్చుంటాను."

ఆ పూటకు ముగ్గురూ పనీ బడీ మానేశారు. మధ్యాహ్నం ఆమె బీరకాయ పప్పు, వంకాయ వేపుడు చేసింది. మామూలు వంట. మూడు పళ్లాలు పెట్టి, అన్నీ ఒకేసారి వడ్డించి, పొయ్యి కట్టేసి, పెళ్లయ్యాక మొదటిసారి వాళ్లతో పాటు తనూ కూర్చుంది. ఇద్దరూ బిళ్లలు పీకి బల్ల అంచున అంటించారు. సంహిత చెవి వెనక తెల్లగా గుండ్రటి మచ్చ పడి ఉంది.

కామేశం ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం నెమ్మదైంది. ఏ గదిలో ఉన్నాడో అప్పుడే తెలిసినట్టు చుట్టూ చూశాడు. పైకప్పు మీద తడి మరక ఉంది. సోఫా కింద పిల్ల దుప్పట్లు మడత పెట్టి ఉన్నాయి. చివరికి అతని చూపు సుభాషిణి చేతి మీద ఆగింది. పళ్లెం పక్కనున్న ఆ చేతిని తన వైపు లాక్కుని వేళ్లు తిప్పి చూశాడు.

"ఇవేంటి?"

"సూదులు."

"ఎప్పట్నుంచి?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అతను ఆ వేళ్లను వదల్లేదు. కన్నీళ్లు పళ్లెంలో పడుతుంటే ఎడమచేత్తో మొహం అడ్డం పెట్టుకున్నాడు. ఇన్ని నెలల్లో రావలసిన బాధంతా ఒకేసారి వచ్చి మీద పడినట్టుంది. అద్దె నోటీసు మడిచి పెట్టిన రోజు, కారు అద్దం పగిలిన రోజు, పక్కన కూర్చుంటే చాలని అన్న సాయంత్రాలు. ఆ ఒక్క మాట మాత్రం నిజమేనని, బిళ్ల లేకపోయినా నిజమేనని, ముక్కు ఎగబీల్చుకుంటూ ఆమెకు చెప్పాడు.

సంహిత తినడం ఆపేసి పళ్లెం వైపే చూస్తోంది. ఆమె మొహం మొదట తెల్లబడి, తరవాత ఎర్రబడింది.

"అమ్మా, నేను వద్దని చెప్పేశాను."

"తెలుసమ్మా."

"నువ్వెందుకు ఊరుకున్నావ్?" పిల్ల గొంతు పెరిగింది. "తెలిసి కూడా ఊరుకున్నావా? నా జుట్టు పట్టుకుని లాగాల్సింది. నాలుగు తగిలించాల్సింది. మందుల షాపా? నేనా? ఆ షాపులో ఏసీ కూడా పనిచేయదు."

ఇక మొదలుపెట్టింది. ఈ సోఫా స్ప్రింగులు వీపుకు గుచ్చుకుంటున్నాయంది. బూట్లలోకి నీళ్లొస్తున్నాయంది. తన స్నేహితులందరికీ గదులున్నాయనీ, తను బట్టలు మార్చుకోవాలంటే స్నానాలగదిలోకి వెళ్లాలనీ అంది. నాన్న జీతం గురించి అడగడానికి భయపడతాడంది. అమ్మ అన్నీ దాచుకుని పెద్ద త్యాగంలా కూర్చుంటుందంది. మీ ఇద్దరి వల్లా నా నది పోయింది అని చివరికి వెక్కివెక్కి ఏడ్చింది.

కామేశం తలెత్తి, జీతం అడగడానికి భయమెందుకు ఉంటుందో నీకేం తెలుసని గట్టిగా అన్నాడు. సంహిత అంతకన్నా గట్టిగా అంది. తండ్రీకూతుళ్ల గొడవకు పై వాటా వాళ్లు నేల మీద కాలితో తట్టారు. సుభాషిణికి ఆ చప్పుడంతా వానాకాలం మొదట కురిసిన వానలా ఉంది. కాసేపు పోనిచ్చి, శుక్రవారం దాకా సీటు ఉందని చెప్పింది.

ఇద్దరూ ఒక్కసారి ఆగిపోయారు.

"ముందే చెప్పొచ్చుగా" అంది సంహిత.

"నువ్వు తిట్టడం పూర్తి కానీయాలిగా."

సంహిత ఏడుస్తూనే నవ్వింది. బల్ల చుట్టూ తిరిగొచ్చి తల్లి మెడ పట్టుకుంది. కామేశం లేచి చేతులు కడుక్కుని, బూట్లు తొడుక్కుని, బిళ్లలు బల్ల మీదే వదిలేసి, ఆ పూటే పిల్లను బడికి, ఆ టీచరు దగ్గరికి తీసుకెళ్లాడు.

మర్నాడు అతను తోటి టెక్నీషియన్లు ముగ్గురితో మాట్లాడాడు. మధ్యాహ్నం తినేటప్పుడు వాళ్లూ బిళ్లలు తీశారు. ఒకతను తినలేక లేచి వెళ్లి కారులో కూర్చున్నాడు. ఇంకొకామె తన కొడుకు పుట్టినరోజు మరిచిపోయానని అప్పుడు గుర్తు చేసుకుని వాడికి ఫోను చేసింది. ఆ నలుగురూ కలిసి రూత్ గదికి వెళ్లారు. జీతాలు పెంచమనీ, బిళ్లలు రోగులకు ఉంచమనీ అడిగారు. ఆవిడ చిరునవ్వుతో అంతా విని, అంతా బాగానే ఉంది కదా, కొత్త రకం బిళ్ల వస్తోంది, అది ఇంకా బాగుంటుంది అంది.

ఆ సంగతులన్నీ కామేశం ఇంటికొచ్చి చెప్పాడు. తనకప్పుడు కోపం రాలేదన్నాడు. ఆవిడ బిళ్ల నేర్చుకున్నది తల్లితో కలిసి ఆఖరిసారి చేసిన భోజనమని అతనికి తెలుసు. ఆ రోజు ఆ బిళ్లను అంటించింది అతనే. దాన్ని తీయమనడం అంటే ఆవిడ తల్లిని ఇంకోసారి తీసుకెళ్లిపోవడమే. అయినా అడిగాడు. మీరు మా మాట వినాలంటే మీకు ఏదో ఒకటి లోటు ఉండాలి మేడం అన్నాడట. రూత్ చేత్తో చెవి వెనక తడుముకుని, నెమ్మదిగా పీకి, అరచేతిలో పెట్టుకుని దాని వైపే చూస్తూ, తల్లి పోయినప్పటి నుంచీ తన జీతం కూడా పెరగలేదని అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పింది. పైవాళ్లు ఆవిడకు కూడా బిళ్లే ఇచ్చారు.

"ఏడ్చిందా?" అడిగింది సుభాషిణి.

"ఏడ్చింది. తరవాత ఫోను తీసి వాళ్లని తిట్టింది. ఆవిడకి అంత మంచి తిట్లొచ్చని నేననుకోలేదు."

ఆదివారం సుభాషిణి రూత్‌ను భోజనానికి పిలిచింది. ఆవిడ చేత్తో తినడం రాక సగం కింద పోసుకుంది. వంకాయ కూర కారంగా ఉందని మొహమాటం లేకుండా చెప్పి, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ వేయించుకుంది. తల్లి గురించి ఎన్నో కబుర్లు చెప్పింది. వాటిలో కొన్ని తల్లికీ తనకూ జరిగిన పోట్లాటలు. బిళ్ల ఉన్నన్నాళ్లూ అవి గుర్తుకే రాలేదంది.

వేసవి చివరకు ఉద్యోగులకు బిళ్లలివ్వడం ఆపేశారు. ఆసుపత్రుల్లో రోగులకు మాత్రం ఇస్తున్నారు. జీతం కొంచెం పెరిగింది. అద్దె దానికన్నా కొంచెం ఎక్కువ పెరిగింది. కామేశం శనివారాలు కూడా పనికి వెళుతున్నాడు. పొద్దున్నే టీ తాగుతూ ఆ సంస్థనూ, ఇంటి యజమానినీ, గుడ్ల ధరనూ వరసగా తిడుతున్నాడు. తిట్టడం అయ్యాక కుట్టుమిషను దగ్గరికొచ్చి, సుభాషిణికి బదులు తను సూదిలో దారం ఎక్కించి వెళుతున్నాడు. దొడ్డి ఉన్న ఇల్లు ఇంకా కొనలేదు. కొనాలన్న కోరిక మాత్రం ఇంట్లోకి తిరిగొచ్చింది, దాంతో పాటు గొడవలూ వచ్చాయి.

సంహిత వెళ్లిన రెండో వారంలో ఫోను చేసింది. సుభాషిణి అంచు కుడుతున్న ప్యాంటు పక్కన పెట్టి ఫోను తీసింది. సంహిత పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది. హాస్టల్లో పప్పు తియ్యగా ఉంటుందట. దాన్ని పప్పనడానికి వాళ్లకు సిగ్గుండాలట. గదిలో ఉండే అమ్మాయి గురక పెడుతుందట. నదిలోకి దిగి నీళ్లు పట్టే పరికరం ముప్పై మందికి ఒక్కటే ఉందట, తన వంతు వచ్చేసరికి వాన మొదలైందట. తడిసి ముద్దై, మోకాలు గీరుకుని, తిరిగొచ్చేసరికి భోజనాలు కూడా అయిపోయాయట. ఒక ప్రొఫెసరు తను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక రేపు చూద్దామన్నాడట, రేపు అతన్ని వదలదట.

కామేశం వచ్చి పక్కన కూర్చుని, ఫోను స్పీకర్లో పెట్టమని సైగ చేశాడు. సుభాషిణి పెట్టింది. సంహిత ఇంకా గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంది. చివరికి అలిసిపోయినట్టు, సరేలే అమ్మా, నీకు పనుంటుంది, పెట్టేస్తాను అంది.

"పనేం లేదు" అంది సుభాషిణి, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటూ. "చెప్పు తల్లీ, ఇంకేం బాలేదక్కడ?"